ఉష్ణోగ్రత సెన్సార్లకు కెర్నల్‌లో ఒకే ఇంటర్‌ఫేస్: ఏం దాచాలి, ఏం చూపించాలి?

పీణ్య_ప్రవీణ్

అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్యలో కోల్డ్ రూమ్ కంట్రోలర్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఫర్మ్‌వేర్ చూస్తుంటాను. గది బయట గోడకు బిగించే బోర్డు మీద మా సొంత చిన్న కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే కేంద్ర సాఫ్ట్‌వేర్) నడుస్తుంది. ఏ పని ఎప్పుడో చూసే ఒక షెడ్యూలర్, ఒక్కో చిప్‌తో మాట్లాడే కొన్ని డ్రైవర్లు, అంతే. ఈ బోర్డులన్నీ ఒక లైనక్స్ గేట్‌వేకి రీడింగులు పంపుతాయి. టీకాలు ఉంచే గదులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రొయ్యలు, ఐస్‌క్రీమ్ గదులు మైనస్ 18 కింద ఉండాలి.

సెన్సార్లు మూడు రకాలు వాడుతున్నాం. పొడవాటి కేబుల్ మీద డీఎస్18బీ20 (డిజిటల్ సెన్సార్ చిప్), చల్లబరిచే కాయిల్ దగ్గర 10 కిలో ఓమ్‌ల ఎన్‌టీసీ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే భాగం), బోర్డు మీదే ఒక ఎల్ఎం75 (ఇంకో డిజిటల్ చిప్). పాత కోడ్‌లో ఒక డ్రైవర్ ఫ్లోట్ (దశాంశ సంఖ్య) ఇస్తుంది, ఒకటి పదో వంతు డిగ్రీల్లో ఇస్తుంది, మూడోది ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) కౌంట్ నేరుగా పైకి పంపేస్తుంది. పైన ప్రతి అప్లికేషన్‌లోనూ ఏ సెన్సారో చూసుకుని లెక్క మార్చుకోవాలి. కొత్త సెన్సార్ వచ్చిన ప్రతిసారీ నాలుగైదు ఫైళ్లు ముట్టుకోవాల్సి వస్తోంది.

ఇప్పుడు కెర్నల్ తిరగరాస్తున్నాం. నా ఆలోచన చాలా చిన్నది. సెన్సార్ నంబర్ ఇస్తే డిగ్రీలు తిరిగిచ్చే ఒక్క ఫంక్షన్. ఇది సరిపోతుందా? యూనిట్ ఏది పెట్టుకోవాలి? కంప్రెసర్ ఆన్/ఆఫ్ నిర్ణయం కెర్నల్‌లో ఉండాలా, బయటా? ఉష్ణోగ్రతకే ప్రత్యేకంగా చేయాలా, తేమ, వోల్టేజీ అన్నిటికీ కలిపి ఒకే "సెన్సార్" చేయాలా? ఇలాంటివి చేసినవాళ్లు దయచేసి చెప్పండి.

కడప_కెర్నల్

ప్రవీణ్, మంచి ప్రశ్న. ముందు లైనక్స్‌లో ఏం జరిగిందో చూడు. అక్కడ ఉష్ణోగ్రతకు దారి ఒకటి కాదు, మూడు.

ఒకటి హెచ్‌డబ్ల్యూమాన్ (హార్డ్‌వేర్ మానిటరింగ్). 1998లో మొదలైన ఎల్ఎం_సెన్సార్స్ ప్రాజెక్టు నుంచి పెరిగింది. చిప్‌లో ఏముందో అలాగే చూపిస్తుంది. టెంప్1_ఇన్‌పుట్ అనే ఫైలు చదివితే మిల్లీడిగ్రీల్లో పూర్ణాంకం వస్తుంది. దాని పక్కనే గరిష్ఠ పరిమితి, క్రిటికల్ పరిమితి, అలారం, ఫాల్ట్, లేబుల్, ప్రతిదానికీ ఒక ఫైలు. ఈ అంకెతో ఏం చేయాలో హెచ్‌డబ్ల్యూమాన్‌కు సంబంధం లేదు.

రెండోది థర్మల్ ఫ్రేమ్‌వర్క్. ఇక్కడ లెక్క సెన్సార్‌ది కాదు, "జోన్"ది. ఒక జోన్, దానికి కొన్ని ట్రిప్ పాయింట్లు, అంటే దాటితే చర్య తీసుకోవాల్సిన ఉష్ణోగ్రతలు (యాక్టివ్, పాసివ్, హాట్, క్రిటికల్), చల్లబరిచే పరికరాలు, వాటిని కలిపే గవర్నర్. ప్రాసెసర్ వేగం తగ్గించాలా, ఫ్యాన్ తిప్పాలా అన్నది గవర్నర్ చూసుకుంటుంది.

మూడోది ఐఐఓ (ఇండస్ట్రియల్ ఐ/ఓ). అన్నిరకాల ఏడీసీలకూ పనికొచ్చేది. రా విలువ (చిప్ ఇచ్చిన ముడి అంకె), ఆఫ్‌సెట్, స్కేల్ విడివిడిగా ఇస్తుంది. రా విలువకు ఆఫ్‌సెట్ కలిపి స్కేల్‌తో గుణిస్తే మిల్లీడిగ్రీలు.

ఒకే చిప్ మూడు చోట్లా కనిపించాల్సి వచ్చినప్పుడు మధ్యలో వంతెనలు కట్టారు. ఐఐఓ నుంచి హెచ్‌డబ్ల్యూమాన్‌కు ఒకటి, థర్మల్ నుంచి హెచ్‌డబ్ల్యూమాన్‌కు ఒకటి. చాలామంది దీన్ని గజిబిజి అంటారు. నేననను. "చిప్ ఏం చెబుతోంది" ఒక ప్రశ్న, "ఈ చోటు వేడెక్కితే ఏం చేయాలి" వేరే ప్రశ్న. నీ డిజైన్‌లో కూడా ఈ రెండూ విడిగా ఉండాలి. కంప్రెసర్ గురించి సెన్సార్ డ్రైవర్‌కు ఒక్క ముక్క కూడా తెలియకూడదు.

కొత్తగా_చేరా

ఒక డౌట్ అన్నా. అన్నీ పూర్ణాంకాలే ఎందుకు? 23.5 అని ఫ్లోట్‌లో ఇచ్చేస్తే తేలిక కదా. నేను కాలేజీ ప్రాజెక్టులో అలాగే చేశాను, పనిచేసింది.

కడప_కెర్నల్

యూజర్ ప్రోగ్రామ్‌లో అయితే నిక్షేపంగా చేసుకోవచ్చు. లైనక్స్ కెర్నల్‌లోకి అడుగుపెట్టినప్పుడు ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లు ఇంకా యూజర్ ప్రోగ్రామ్ విలువలతోనే ఉంటాయి. వాటిని భద్రపరచకుండా కెర్నల్ ఫ్లోట్ లెక్క చేస్తే ఆ ప్రోగ్రామ్ లెక్కలు చెడిపోతాయి. భద్రపరచి మళ్లీ పెట్టడానికి ఖర్చుంది. అందుకే మామూలుగా కెర్నల్ కోడ్‌లో ఫ్లోట్ వాడరు. చిన్న మైక్రోకంట్రోలర్లలో చాలావాటికి ఆ యూనిట్టే ఉండదు, ప్రతి గుణకారానికీ లైబ్రరీ ఫంక్షన్ పిలవాలి. ఒక ఉష్ణోగ్రత కోసం అంత అవసరం లేదు.

నెల్లూరు_బీఎస్‌డీ

యూనిట్ మాట వచ్చింది కాబట్టి నా ఓటు కెల్విన్‌కే. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెన్సార్ విలువ 64-బిట్ పూర్ణాంకం, ఉష్ణోగ్రతకు యూనిట్ మైక్రోకెల్విన్. నెట్‌బీఎస్‌డీలోనూ మైక్రోకెల్వినే. 0 సెల్సియస్ అంటే 27,31,50,000. దీనివల్ల లాభం, నిజమైన ఉష్ణోగ్రత ఎప్పుడూ ధనాత్మకమే. 0 గానీ మైనస్ గానీ కనిపించిందంటే ఎక్కడో తేడా కొట్టిందని ఇట్టే తెలిసిపోతుంది.

ప్రవీణ్ గారి గదులు మైనస్‌లో ఉంటాయి కాబట్టి ఇది ముఖ్యం. ఎల్ఎం75 తొమ్మిది బిట్ల విలువ ఇస్తుంది, ఒక్కో మెట్టు అర డిగ్రీ. గుర్తు బిట్‌ను (ప్లస్సో మైనస్సో చెప్పే బిట్) పట్టించుకోకుండా చదివితే మైనస్ అర డిగ్రీ కాస్తా 255.5 డిగ్రీలవుతుంది. డీఎస్18బీ20లో అయితే అదే మైనస్ అర డిగ్రీ 4095.5. బెంగళూరు గదిలో టేబుల్ మీద పెట్టి టెస్ట్ చేస్తే ఈ బగ్ జన్మలో బయటపడదు.

ఇంకో సంగతి. లైనక్స్ థర్మల్ ఫ్రేమ్‌వర్క్‌లో చాలాకాలం ఉష్ణోగ్రత రకం అన్‌సైన్డ్ లాంగ్, అంటే మైనస్ పట్టని పూర్ణాంకం. 2015లో గానీ అన్నిచోట్లా గుర్తు (సైన్) ఉన్న పూర్ణాంకంగా మార్చలేదు. ప్రాసెసర్లు సున్నా కిందికి పోవని అనుకుని ఉంటారు.

కడప_కెర్నల్

కెల్విన్ వాదన అర్థమైంది. కానీ గుర్తు బిట్ బగ్ కెల్విన్ వల్ల పోదు. రిజిస్టర్ నుంచి సెల్సియస్ చదివేటప్పుడే తప్పు జరిగిపోతుంది, ఆ తర్వాత దానికి 273.15 కలిపినా తప్పు తప్పే. పైగా మార్పిడులు పెరుగుతాయి. పీసీల ఫర్మ్‌వేర్ ఇంటర్‌ఫేస్ ఏసీపీఐ పదో వంతు కెల్విన్‌లలో ఇస్తుంది, అక్కడ 0 సెల్సియస్‌ను 2731 అనుకోవాలా 2732 అనుకోవాలా అన్న రౌండింగ్ తేడాలు లైనక్స్ కోడ్‌లో చాలాకాలం ఉన్నాయి. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు (ఎస్‌ఎస్‌డీలు) పూర్తి కెల్విన్‌లలో ఇస్తాయి, దశాంశం లేకుండా.

నా సలహా గుర్తు (సైన్) ఉన్న 32-బిట్ మిల్లీసెల్సియస్. "చెల్లని విలువ" చెప్పడానికి లైనక్స్‌లో మైనస్ 2,74,000 అనే స్థిరాంకం ఉంది. పరమ శూన్యం మైనస్ 273.15 కాబట్టి ఆ ఉష్ణోగ్రత ప్రకృతిలోనే లేదు. కెల్విన్ ఇచ్చే లాభం ఇందులోనూ దొరుకుతుంది.

అనంత_ఆర్టీఓఎస్

చిన్న బోర్డుల ఆపరేటింగ్ సిస్టమ్ జెఫైర్‌లో ఎలా ఉందో చెబుతాను, దగ్గరి పోలిక అదే. అక్కడ విలువ రెండు ముక్కలు. మొదటిది పూర్ణ భాగం, రెండోది పదిలక్షల వంతుల్లో భిన్న భాగం. మైనస్ అర డిగ్రీ అంటే మొదటిది 0, రెండోది మైనస్ 5,00,000. గుర్తు రెండో ముక్కలో మాత్రమే ఉంటుంది. దీన్ని తెలియక రెండు అంకెల మధ్య చుక్క పెట్టి ముద్రించేవాళ్లు చాలామంది. మొదటి ముక్క ఒక్కటే చూసి "సున్నా కంటే తక్కువా" అని పోల్చే కోడ్ ఇంకా ప్రమాదం, మైనస్ 0.9 దానికి 0గానే కనిపిస్తుంది. కాబట్టి రెండు ముక్కలు వద్దు, ఒకే పూర్ణాంకం పెట్టుకో.

జెఫైర్‌లో నాకు నచ్చింది వేరే ఉంది. చదవడాన్ని రెండు మెట్లు చేశారు. ముందు "ఫెచ్" అంటే చిప్ దగ్గరికి వెళ్లి శాంపిల్ తెస్తుంది. తర్వాత "గెట్" అంటే తెచ్చిన దాంట్లోంచి నీకు కావలసిన చానెల్ ఇస్తుంది. డీఎస్18బీ20కి 12-బిట్ కన్వర్షన్ 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. నీ ఒక్క ఫంక్షన్ డిజైన్‌లో పిలిచినవాడు అంతసేపు ఆగాలి. అలారం టాస్క్, డిస్‌ప్లే టాస్క్, లాగింగ్ టాస్క్ మూడూ ఒకేసారి పిలిస్తే ఏమవుతుందో ఆలోచించు.

పీణ్య_ప్రవీణ్

అనంత గారూ, సరిగ్గా ఇప్పుడు జరుగుతున్నది అదే. డిస్‌ప్లే అప్పుడప్పుడు అర సెకను పైనే బిగుసుకుపోతుంది. కస్టమర్లు బటన్ నొక్కితే పలకట్లేదని ఫోన్ చేస్తారు.

నెల్లూరు_బీఎస్‌డీ

దీనికి ఓపెన్‌బీఎస్‌డీ పద్ధతి చూడండి. లైనక్స్ హెచ్‌డబ్ల్యూమాన్‌లో ఎవరైనా ఫైలు చదివినప్పుడు డ్రైవర్ చిప్ దగ్గరికి వెళుతుంది, చాలా డ్రైవర్లు సెకనో సెకనున్నరో పాత విలువను దాచుకుని ఇస్తాయి. ఓపెన్‌బీఎస్‌డీలో డ్రైవర్ "నన్ను ఇన్ని సెకన్లకోసారి పిలువు" అని ఒక టాస్క్ నమోదు చేసుకుంటుంది. కెర్నల్ థ్రెడ్ ఆ ప్రకారం చిప్‌ను చదివి విలువను ఒక నిర్మాణంలో పెడుతుంది. అడిగినవాళ్లకు అక్కడున్నది ఇచ్చేస్తుంది. అడిగేవాళ్లు ఒక్కరైనా, వందమందైనా ఐ2సీ బస్సు (చిప్‌లను కలిపే తీగలు) మీద భారం ఒకటే.

ఆ నిర్మాణంలో విలువతో పాటు 32 అక్షరాల వివరణ, సమయం, స్థితి (సరే, హెచ్చరిక, క్రిటికల్, తెలియదు), ఇంకా "ఈ విలువ చెల్లదు" అనే ఫ్లాగ్ ఉంటాయి. నాకు ఇదే అసలైన డిజైన్ అనిపిస్తుంది. అంకె ఒక్కటే ఇవ్వడం సగం సమాధానం.

ఇదే ఫ్రేమ్‌వర్క్‌ను 2007లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ద్వారా ఫ్రీబీఎస్‌డీకి తెచ్చారు. ఆ అక్టోబరులో మెయిన్ కోడ్‌లో చేర్చి, గట్టి అభ్యంతరాలు రావడంతో వెంటనే వెనక్కి తీసేశారు. కెర్నల్‌లో ఇదంతా ఉండాలా, యూజర్‌ల్యాండ్ (కెర్నల్ బయటి ప్రోగ్రాములు) నుంచి చదువుకోలేమా అన్నది పెద్ద వాదన. డ్రాగన్‌ఫ్లై బీఎస్‌డీ మాత్రం తీసుకుంది. నేను ఇప్పటికీ ఫ్రీబీఎస్‌డీ మంచి అవకాశం వదులుకుందనే అంటాను.

అనంత_ఆర్టీఓఎస్

> కెర్నల్ థ్రెడ్ ఆ ప్రకారం చిప్‌ను చదివి విలువను ఒక నిర్మాణంలో పెడుతుంది

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. ఎవరూ అడగకపోయినా చదువుతూ ఉండటం ఖర్చే. బ్యాటరీ మీద నడిచే లాగర్‌లో అది నేరుగా బ్యాటరీ ఆయుష్షు. చదవడం వల్ల వస్తువు ప్రవర్తనే మారే సందర్భాలు కూడా ఉన్నాయి. లైనక్స్‌లో హార్డ్ డిస్కుల ఉష్ణోగ్రత చూపించే డ్రైవ్‌టెంప్ డ్రైవర్ డాక్యుమెంట్‌లోనే రాశారు, ఉష్ణోగ్రత చదివితే కొన్ని డిస్కుల్లో నిద్రలోకి వెళ్లే టైమర్ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుందని. నువ్వు డిస్కు వేడి చూస్తున్నావు, చూస్తున్నందుకే అది చల్లబడటం లేదు.

కాబట్టి ఎంత తరచుగా అన్నది ప్రతి సెన్సార్‌కూ విడిగా ఉండాలి, "అడిగినప్పుడే" అన్న ఎంపికా ఉండాలి.

శారద_బోర్డులు

ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. నేను హార్డ్‌వేర్ మనిషిని, ఎలక్ట్రానిక్ సిటీలో బోర్డులు డిజైన్ చేస్తాను. ఇప్పటిదాకా అందరూ సెన్సార్ బాగున్నప్పుడు ఏం చేయాలో మాట్లాడారు. చెడిపోయినప్పుడు ఏం చెబుతుందో కూడా చూడాలి, మీ ఇంటర్‌ఫేస్‌కు అసలు పరీక్ష అక్కడే.

ప్రవీణ్ గారి కాయిల్ దగ్గరి ఎన్‌టీసీ తీసుకోండి. చల్లబడేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. పైన పుల్-అప్ (సప్లైకి కలిపిన రెసిస్టర్), కింద ఎన్‌టీసీ ఉన్న సర్క్యూట్‌లో వైరు తెగితే ఏడీసీ ఫుల్ స్కేల్ చూపిస్తుంది. డ్రైవర్‌లోని ఉష్ణోగ్రత టేబుల్‌లో అది అత్యంత చలి. కంట్రోలర్ "గది బాగా చల్లగా ఉంది" అనుకుని కంప్రెసర్ ఆపేస్తుంది. తెర మీద మైనస్ 40 కనిపిస్తూనే ఉంటుంది, లోపల సరుకు పాడవుతూ ఉంటుంది. షార్ట్ అయితే దీనికి ఎదురు, విపరీతమైన వేడి కనిపిస్తుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది.

కాబట్టి ఏడీసీ రెండు చివర్లలో కొంత భాగాన్ని "ఇది ఉష్ణోగ్రత కాదు, ఫాల్ట్" అని డ్రైవర్ స్థాయిలోనే తేల్చాలి. ఆ కొస ఎక్కడ పెట్టాలో సర్క్యూట్ తెలిసినవాళ్లకే తెలుస్తుంది, అప్లికేషన్ రాసేవాళ్లకు తెలిసే దారి లేదు. లైనక్స్ హెచ్‌డబ్ల్యూమాన్‌లో ఫాల్ట్‌కు విడి ఫైలు పెట్టింది ఇలాంటి వాటికే.

డీఎస్18బీ20 సంగతి ఇంకా చిక్కు. పవర్ ఆన్ అయిన వెంటనే దాని రిజిస్టర్‌లో 85 డిగ్రీలు ఉంటుంది. కన్వర్షన్ మధ్యలో సప్లై పడిపోయి చిప్ రీసెట్ అయితే మీరు చదివేది ఆ 85నే. సీఆర్‌సీ (డేటా చెడిందా అని చూసే సంఖ్య) కూడా కరెక్ట్‌గానే వస్తుంది, ఎందుకంటే డేటా చెడిపోలేదు, కొలతే జరగలేదు. పొడవు కేబుళ్లు, పారసైట్ పవర్ (డేటా వైరు నుంచే కరెంటు తీసుకోవడం) వాడేచోట ఇది తరచూ కనిపిస్తుంది.

పీణ్య_ప్రవీణ్

శారద గారూ, మీరు చెప్పిన 85 మాకు రాత్రిళ్లు వచ్చే దొంగ అలారాల్లో కనిపిస్తుంది! కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలోనే ఎక్కువ. అప్లికేషన్‌లో 85 వస్తే వదిలేయమని ఒక లైను పెట్టి ఉంది. అది తీసేయాలా?

శారద_బోర్డులు

కోల్డ్ రూమ్‌లో 85 అసాధ్యం కాబట్టి అక్కడ పనిచేస్తుంది. కానీ అదే డ్రైవర్‌ను రేపు బాయిలర్ కంట్రోలర్‌లో వాడితే నిజమైన 85ను మింగేస్తుంది. తేల్చాల్సింది డ్రైవరే. లైనక్స్‌లోని 1-వైర్ (డీఎస్18బీ20 వాడే బస్సు) థర్మల్ డ్రైవర్‌లో దీనికొక ఐచ్ఛిక తనిఖీ ఉంది. విలువ 85.00 ఉండి, స్క్రాచ్‌ప్యాడ్‌లో (చిప్ లోపలి మెమరీ) సున్నా నుంచి లెక్కిస్తే ఆరో బైటు హెక్స్‌లో 0సీ ఉంటే కన్వర్షన్ జరగలేదని ఎర్రర్ ఇస్తుంది. పవర్ చాలనప్పుడు వచ్చే 127.94కు కూడా అదే తనిఖీ. అయితే బెంగళూరు ఎస్పీ రోడ్డులో తక్కువ ధరకు దొరికే ప్రోబుల్లో క్లోన్ చిప్‌లు ఎక్కువ. వాటిలో ఆరో బైటు ఇలాగే ఉంటుందని నమ్మి డిజైన్ చేయకండి, కొన్న ప్రతి లాట్‌నూ పరీక్షించుకోండి. ముందుగా కంప్రెసర్ స్టార్ట్‌లో సెన్సార్ సప్లై ఎంత పడిపోతోందో ఆసిలోస్కోప్ పెట్టి చూడండి. మూలం అక్కడే ఉన్నట్టుంది. పారసైట్ పవర్ మానేసి మూడో వైరు లాగండి.

కొత్తగా_చేరా

మేడమ్, అయితే 12-బిట్ అంటే 0.0625 డిగ్రీ వరకు కరెక్ట్ కాదా? మేము రిపోర్ట్‌లో నాలుగు దశాంశాలు రాశాం.

శారద_బోర్డులు

మెట్టు అంత చిన్నది, కచ్చితత్వం అంత కాదు. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య డీఎస్18బీ20 గ్యారంటీ ప్లస్ ఆర్ మైనస్ అర డిగ్రీ. అంటే 23.0625 అని చూపించినప్పుడు అసలు ఉష్ణోగ్రత 22.6 కావచ్చు, 23.5 కావచ్చు. చిన్న మెట్టు దేనికి పనికొస్తుందంటే, ఉష్ణోగ్రత పెరుగుతోందా తగ్గుతోందా అన్నది త్వరగా పట్టుకోవడానికి.

కడప_కెర్నల్

దీనికి కలుపుతూ ఒక మాట. 0.0625 డిగ్రీ అంటే 62.5 మిల్లీడిగ్రీలు, పూర్ణాంకం కాదు. అందుకే లైనక్స్‌లో 23.0625 కాస్తా 23062గా కనిపిస్తుంది. మైక్రో యూనిట్ పెడితే ఆ సగం కూడా నిలుస్తుంది. కానీ అర డిగ్రీ అనిశ్చితి ఉన్న చోట అర మిల్లీడిగ్రీ కోసం నేను యూనిట్ మార్చను. నెల్లూరు అన్న ఒప్పుకోరని తెలుసు.

నెల్లూరు_బీఎస్‌డీ

ఒప్పుకోను. ఈ రోజు అర డిగ్రీ సెన్సార్, రేపు ప్లాటినం ఆర్‌టీడీ (ఇంకా కచ్చితమైన సెన్సార్) వస్తుంది. ఇంటర్‌ఫేస్ ఒకసారి బయటికి వెళ్లాక మార్చలేం, డ్రైవర్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అంకెకు చోటు ముందే ఉంచాలి.

అనంత_ఆర్టీఓఎస్

యూనిట్ గురించి ఇంకో రోజు కొట్టుకుందాం. ఇందాక ఎవరూ తేల్చని ప్రశ్న ఒకటుంది, ఉష్ణోగ్రతకు విడిగా చేయాలా, అన్నిటికీ కలిపి చేయాలా అని.

నేను కలిపి చేయమంటాను, కానీ రవాణా వరకే. నమోదు, సమయం, స్థితి, ఎంత తరచుగా చదవాలి, ఇవన్నీ తేమకైనా వోల్టేజీకైనా ఒకటే. విలువకు అర్థం మాత్రం రకాన్ని బట్టి ఉండాలి. జెఫైర్‌లో గాలి ఉష్ణోగ్రతకు ఒక చానెల్, చిప్ లోపలి ఉష్ణోగ్రతకు వేరే చానెల్. రెండూ డిగ్రీలే అయినా ఒకటి కాదు.

శారద_బోర్డులు

నూటికి నూరుపాళ్లు. కోల్డ్ రూమ్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. డీఫ్రాస్ట్ హీటర్ వేసినప్పుడు కాయిల్ సెన్సార్ సున్నా దాటి పైకి పోతుంది, పోవాలి కూడా, లేకపోతే మంచు కరగదు. అదే సమయంలో గది గాలి సెన్సార్ అంత కదలదు. టీకాల గదిలో గ్లైకాల్ సీసాలో ముంచిన ప్రోబ్ ఉంటుంది, తలుపు తీసినా అది నెమ్మదిగానే మారుతుంది. ఎందుకంటే సీసాలోని మందు కూడా అంత నెమ్మదిగానే వేడెక్కుతుంది. గాలి ప్రోబ్ మాత్రం తలుపు తీయగానే ఎగురుతుంది. మూడింటికీ ఒకే అలారం నియమం పెడితే రోజూ దొంగ అలారాలే. సగటు తీస్తే అది ఏ వస్తువు ఉష్ణోగ్రతా కాదు. బోర్డు మీది ఎల్ఎం75 అయితే గది సంగతే చెప్పదు, బోర్డు తన వేడి తాను కొలుచుకుంటుంది.

కడప_కెర్నల్

ప్రాసెసర్ల లోకంలోనూ ఇదే గొడవ. ఇంటెల్ చిప్‌లోని డిజిటల్ సెన్సార్ నిజానికి ఉష్ణోగ్రత ఇవ్వదు, గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నావో చెబుతుంది. ఆ పరిమితిని వేరే రిజిస్టర్ నుంచి తెచ్చి డ్రైవర్ తీసివేత చేస్తుంది. పరిమితి దగ్గర పడేకొద్దీ దాన్ని నమ్మవచ్చు, చిప్ చల్లగా ఉన్నప్పుడు చూపించే అంకెను అంతగా నమ్మలేం.

ఏఎండీ రైజన్ తొలి తరంలో 1700ఎక్స్, 1800ఎక్స్ చిప్‌లు "కంట్రోల్ ఉష్ణోగ్రత" పేరుతో అసలు కంటే 20 డిగ్రీలు ఎక్కువ చూపించేవి. వేర్వేరు మోడళ్లకు ఒకే ఫ్యాన్ పట్టిక పనిచేయాలని అలా చేశారు. అదే అంకెను మామూలు ఉష్ణోగ్రత అనుకుని చూసినవాళ్లకు చిప్ కాలిపోతోందని టెన్షన్. ఇప్పుడు లైనక్స్ డ్రైవర్ రెండింటినీ వేర్వేరు లేబుళ్లతో చూపిస్తుంది. లేబుల్‌ను అలంకారం అనుకోవద్దు ప్రవీణ్, విలువలో అది సగం. హెచ్‌డబ్ల్యూమాన్0, హెచ్‌డబ్ల్యూమాన్1 అన్న నంబర్లు కూడా బూట్‌కూ బూట్‌కూ మారవచ్చు. నంబర్‌ను నమ్మి గేట్‌వేలో స్క్రిప్టు రాయకు, పేరు చూసి వెతుకు.

పీణ్య_ప్రవీణ్

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవన్నీ చదివి నిన్న కూర్చుని కొత్త నిర్మాణం రాసుకున్నాను. మాటల్లో చెబుతాను, తప్పులు పట్టండి.

ప్రతి రీడింగ్‌లో విలువ 32-బిట్ మిల్లీసెల్సియస్, గుర్తుతో. శాంపిల్ తీసిన సమయం, బూట్ నుంచి మిల్లీసెకన్లలో, 32-బిట్. స్థితి ఒక బైటు: సరే, ఇంకా రాలేదు, ఫాల్ట్, బస్సు ఎర్రర్. చివర ఖాళీ బైట్లతో కలిపి మొత్తం 12 బైట్లు. ఇది కాక ప్రతి సెన్సార్‌కు మారని వివరం వేరుగా ఫ్లాష్‌లో: ఏ చోటు (గాలి, సరుకు, కాయిల్, బోర్డు), పేరు, ఎంత తరచుగా చదవాలి, ఎంత పాతబడితే పనికిరాదు.

ఒకే కెర్నల్ టాస్క్ అన్ని సెన్సార్లనూ వంతులవారీగా నడుపుతుంది. డ్రైవర్‌కు రెండు ఫంక్షన్లే, "కొలత మొదలుపెట్టు", "ఫలితం తీసుకో". 750 మిల్లీసెకన్లు ఎవరూ ఆగక్కర్లేదు, ఈలోపు వేరే సెన్సార్ పని అవుతుంది. చదివేవాళ్లు నిర్మాణం కాపీ తీసుకుంటారు, అంతే.

కంప్రెసర్ నియమాలు వేరే మాడ్యూల్‌లో. అది జోన్‌లను మాత్రమే చూస్తుంది.

అనంత_ఆర్టీఓఎస్

బాగుంది. 12 బైట్లకు ఎవరూ ఏడవరు. రెండు విషయాలు చూసుకో.

32-బిట్ మిల్లీసెకన్లు సుమారు 49.7 రోజులకు తిరిగి సున్నాకు వస్తాయి. కోల్డ్ రూమ్ బోర్డు అంతకంటే ఎక్కువ రోజులే ఆగకుండా నడుస్తుంది. "ఇప్పుడు" ఎక్కువా "అప్పుడు" ఎక్కువా అని పోల్చకు. అన్‌సైన్డ్‌లో తీసివేసి, ఆ తేడాను పరిమితితో పోల్చు, అప్పుడు తిరిగినా లెక్క సరిగానే వస్తుంది. గోడ గడియారం సమయం మాత్రం ఇక్కడ వాడకు, గేట్‌వే టైమ్ సరిచేసిన క్షణంలో రీడింగులన్నీ ఒక్కసారిగా పాతబడిపోతాయి.

రెండోది, విలువ, సమయం, స్థితి మూడూ ఒకే ముక్కగా కాపీ కావాలి. మధ్యలో టాస్క్ మారితే కొత్త విలువకు పాత స్థితి అంటుకుంటుంది. 12 బైట్ల కాపీకి ఇంటరప్టులు ఆపినా నష్టం లేదు.

నెల్లూరు_బీఎస్‌డీ

మిల్లీసెల్సియస్ తప్ప మిగతాది నేను రాసినా ఇలాగే రాసేవాణ్ణి.

శారద_బోర్డులు

ఫాల్ట్ వస్తే కంప్రెసర్ ఏం చేయాలో రాయలేదు. అది జోన్ మాడ్యూల్‌లో స్పష్టంగా ఉండాలి, "స్థితి సరే కాకపోతే పాత విలువతో కొనసాగు" అని మాత్రం ఉండకూడదు. సెన్సార్ పోయిన జోన్‌లో కంప్రెసర్‌ను నిర్ణీత సమయాల ప్రకారం కొంతసేపు ఆన్, కొంతసేపు ఆఫ్ నడిపి, అలారం మోగించడం ఈ రంగంలో మామూలు పద్ధతి. ఎంతసేపన్నది గది బట్టి మారుతుంది, సెట్టింగుల్లో పెట్టండి.

సాఫ్ట్‌వేర్ మొత్తం వేలాడినా పనిచేసే కాపలా కూడా ఒకటి ఉండాలి. బోర్డు మీద ఎల్ఎం75 ఎలాగూ ఉంది కదా, దాని ఓఎస్ (ఓవర్‌టెంపరేచర్ షట్‌డౌన్) పిన్ 80 డిగ్రీలు దాటితే తనంతట తానే మారుతుంది, 75కి దిగాక గానీ వెనక్కి రాదు. డిఫాల్ట్ విలువలు అవే. దాన్ని పవర్ రిలేకు నేరుగా కలిపితే బోర్డు వేడెక్కినప్పుడు కెర్నల్ బతికుందా లేదా అన్న ప్రశ్న లేకుండా సప్లై ఆగుతుంది.

పీణ్య_ప్రవీణ్

తప్పకుండా శారద గారూ, రెండూ చేరుస్తాను. చివరగా ఒకటి. ఐస్ నీళ్లలో ముంచి 0 దగ్గర ప్రతి ప్రోబ్‌కూ తేడా కొలుస్తాం. ఈ సవరణ డ్రైవర్‌లో పెట్టాలా, జోన్‌లో పెట్టాలా?

శారద_బోర్డులు

అది ప్రోబ్‌కు సంబంధించిన సంగతి, జోన్‌కు కాదు. ప్రతి డీఎస్18బీ20కీ 64-బిట్ల విడి గుర్తింపు నంబర్ ఉంటుంది. సవరణను ఆ నంబర్‌తో ముడిపెట్టి దాచండి, టెక్నీషియన్ ప్రోబులు అటూ ఇటూ మార్చినా సవరణ వెంట వెళుతుంది. ఎన్‌టీసీకి అలాంటి నంబర్ లేదు, దానికి పోర్టుతో ముడిపెట్టక తప్పదు. అందుకని ఎన్‌టీసీ మార్చినప్పుడు పాత సవరణ చెరిపేసి, మళ్లీ కొలిచేదాకా ఆ పోర్టును "కాలిబ్రేట్ కాలేదు" అని చూపించండి.

కడప_కెర్నల్

సవరించిన విలువ పైకి ఇచ్చినా, సవరణకు ముందు విలువను కూడా చదివే దారి ఒకటి ఉంచు ప్రవీణ్. ఆడిట్‌కు వచ్చినవాళ్లు టీకాల గదిలో మొదట అడిగేది అదే.

పీణ్య_ప్రవీణ్

సరే అన్నా. డీబగ్ కమాండ్‌లో రా విలువ, సవరణ, ఫలితం మూడూ పక్కపక్కన చూపిస్తాను. మొదటి బోర్డు మీద నడిపాక స్కోప్ చిత్రాలతో ఇక్కడే పెడతాను.